తుపాకిమందు పోశానా

పోశానా? పోసే ఉంటాను. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది, ఇందులో తల బద్దలు కొట్టుకోవడానికేముంది. కానీ పోసినట్టు గుర్తులేదు. రైఫిలు మడమ నా బూటు పక్కన నేలమీద ఆనుకుని ఉంది. గొట్టం మూతి ఆకాశంలోకి చూస్తోంది. దట్టించే కమ్మీ నా కుడిచేతిలో ఉంది. మూతి అంచుకి తేనెమైనం, గొర్రెకొవ్వు కలిపి నేను కాచిన జిడ్డు అంటుకుని తాజాగా మెరుస్తోంది, అంటే సీసపు తూటా ఈ దారినే లోపలికి దిగింది, దాన్ని దింపింది నేనే, ఇంకెవరు దింపుతారు. తూటా కంటే ముందు పడాల్సింది తుపాకిమందు. చిన్న గాజుగొట్టంలో కొలిచి పెట్టుకున్న మందుని మూతిలోంచి పోయాలి, ఆ మీద తూటా పెట్టాలి, కమ్మీతో దట్టించాలి, చివర్న వెనకవైపు మొనకి, మందుని అంటించే చిన్న రాగి కేపు తొడగాలి. పసిపిల్లకి నేర్పినా పట్టుబడే వరస. ఆ వరసలో మొదటి పని నా తలలో లేదు. ఇందాక పేలిన తూటా గుర్తుంది, భుజానికి తగిలిన దెబ్బ గుర్తుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే ఆ తెల్లటి పొగ గుర్తుంది, అదింకా చెట్లని పట్టుకుని వదలడం లేదు. తరవాత గొట్టంలో తడిగుడ్డ తిప్పడం గుర్తుంది. ఆ తరవాత ఇదిగో ఇలా కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాను. మధ్యలో ఐగ్నర్ ఏదో అడిగాడు. ఏమడిగాడు? నేనేదో చెప్పాను. ఏం చెప్పాను?

తూటా కింద మందు లేకపోవచ్చు. అలాగైతే నవ్వులపాలు, అంతే. మందూ తూటా సరిగ్గా ఒక్కొక్కటే ఉండొచ్చు, అలాగైతే ఏ గొడవా లేదు. లేదా ఒకసారి నింపిన సంగతి మరిచిపోయి దానిమీదే మళ్ళీ మందు, మళ్ళీ తూటా దట్టించేసి ఉండొచ్చు. ఆ మూడోదైతే గొట్టమే పగలొచ్చు, తలుచుకుంటేనే అరచేతులు చెమరుస్తున్నాయి. చెమట పట్టనివ్వకూడదు, చెమటకి ఉప్పుంటుంది, ఉప్పుకి ఇనుము తుప్పు పడుతుంది. చూశావా, బుర్గీ, ఇదీ నీ తల. ఇంత మంట మీదుండి కూడా తుప్పు సంగతి గుర్తొస్తుంది, ఇప్పటికిప్పుడు చేసిన పని మాత్రం గుర్తురాదు.

ఈ పాత రాతిగనిలో ఆదివారం పూట మాకు పోటీ పెడతారు. రాయి తవ్వడం ఆగిపోయాక ఎన్స్ నదికి ఇటువైపు ఈ గొయ్యి దేనికీ పనికిరాకుండా పడి ఉంటే మా సంఘం వాళ్ళం తీసుకుని, వెనక గోడకి మట్టికట్ట పోసి, వంద మీటర్ల దూరాన గురిపలకలు నిలబెట్టుకున్నాం. వరసకి అరగంట. ఆ అరగంటలో ఎవరి తుపాకి వాళ్ళు నింపుకుని ఎవరి తూటాలు వాళ్ళు కాల్చుకోవాలి. ఇప్పుడు నాకు కుడిపక్క ఐగ్నర్, వెనక్కి తిరిగితే ఎర్ర పట్టీ చేతికి కట్టుకుని అటూ ఇటూ పచార్లు చేసే మా అల్లుడు హార్ట్‌విగ్. ఈ వరసకి పర్యవేక్షకుడు వాడే. నా కర్మ. నియమం ఏమిటంటే, చేతిలో తుపాకి మీద ఏ చిన్న అనుమానం వచ్చినా దాన్ని పలకలవైపు తిప్పి బల్లమీద పెట్టి, చెయ్యెత్తి, పర్యవేక్షకుణ్ణి పిలవాలి. చెయ్యెత్తితే హార్ట్‌విగ్ వస్తాడు. హార్ట్‌విగ్ వస్తే రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి రొమానాకి తెలుస్తుంది. రొమానాకి తెలిస్తే రేపు పొద్దున్నే మా ఇంటి ముందు దాని కారు ఆగుతుంది. వేసవి మొదట్నుంచీ అది నా కారు తాళాల మీద కన్నేసి ఉంది. అమ్మా, నువ్వు బస్సులో వెళ్ళొచ్చు కదా, అమ్మా, నేను దింపుతాను కదా. తాళాల తరవాత రైఫిలు. దీన్ని తీసుకెళ్ళి జాగ్రత్తగా, ప్రేమగా, ఏ గోడకో తగిలిస్తారు. ఆ తరవాత నన్ను కూడా.

హార్ట్‌విగ్ చెడ్డవాడు కాదు. వాడు రాత్రుళ్ళు పళ్ళు కొరుకుతాడు. వాడి నోటికి అడ్డుపలక చేసిచ్చింది నేనే, ఏడాది తిరక్కుండానే కొరికి కొరికి గుంటలు పెట్టాడు, రెండోది చేయాల్సి వచ్చింది. మనసులో దాచుకునే మనుషులే అలా కొరుకుతారు. నలభై ఏళ్ళు పళ్ళ డాక్టర్ల వెనకగదుల్లో కూర్చుని పళ్ళ సెట్లు చేశాను, మనుషుల్ని మొహాలతో కాదు, పళ్ళతో గుర్తుపెట్టుకుంటాను. ఐగ్నర్ నవ్వితే కనిపించే పైవరస నాదే. కసాయి కొట్టువాడికి అంత తెల్లగా వద్దయ్యా, ఆవు నవ్వినట్టుంటావు అన్నాను, వినలేదు. గొర్రెకొవ్వు ఇచ్చేది కూడా అతనే. ఆ కొవ్వు గురించే అడిగాడేమో ఇందాక. మైనం ఎంత, కొవ్వు ఎంత అని. ఎండ పెరిగింది, జిడ్డు జారిపోతోంది, మైనం కాస్త ఎక్కువ వెయ్యాలేమో అని. అవును, అదే అయ్యుంటుంది. అదేనా, లేక అది పోయిన నెల అడిగిందా? అసలు తుపాకి నింపుతున్న మనిషితో మాట్లాడకూడదు, అది ఎక్కడైనా మర్యాద. ఐగ్నర్‌కి మర్యాద నేర్పడం నా వల్ల కాలేదు, పళ్ళు కట్టడం వరకే అయింది. తప్పు అతని మీదకి తోసెయ్యొచ్చు. ఎంత హాయిగా ఉందో ఈ ఆలోచన.

ఇది లోరెంజ్ రైఫిలు, మా ముత్తాతల నాటి చక్రవర్తి పదాతిదళానిది. ఆనాటి యుద్ధంలో ప్రష్యావాళ్ళు పడుకుని వెనకనుంచి నింపుకుని కాలుస్తుంటే మావాళ్ళు నిలబడి, మూతిలోంచి, ఇదిగో నేను నిలబడ్డట్టే కమ్మీ చేతపట్టుకుని, గోధుమ చేల మధ్య చచ్చిపోయారు. ఆ హడావుడిలో మందుమీద మందు, తూటామీద తూటా దట్టించేసిన కుర్రాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళకి భయం ఉంది, చెవుల్లో ఫిరంగులున్నాయి, వాళ్ళనెవరూ ఏమీ అనరు. నా చెవుల్లో ఐగ్నర్ ఉన్నాడు, అంతే. నాకు దొరికేనాటికి ఇది తుపాకి కాదు, దీపం. పక్క ఊరి సత్రంలో కుంపటి మూల నిలబడి ఉండేది, నెత్తిన దుప్పి బొమ్మల షేడు, కమ్మీ ఉండాల్సిన గాడిలోంచి కరెంటు తీగ. సత్రం మూసేస్తూ యజమాని సామాన్లు అమ్ముతుంటే అందరూ ఆ షేడు బాగుందన్నారు. నేను షేడు ఆయనకే ఇచ్చేసి కింది భాగం కారులో వేసుకొచ్చాను. ఆయన నన్ను చూసిన చూపు చెప్పలేను, కోడిని కొనుక్కుని ఈకలు మాత్రం పట్టుకెళ్ళేవాళ్ళని చూసినట్టు చూశాడు. మా ఆయన అప్పటికే వేరే ఊళ్ళో వేరే ఆవిడతో కాపురం పెట్టాడు కనక ఇంట్లో అడ్డు చెప్పేవాళ్ళు లేరు. వంటగది బల్లమీద పడుకోబెట్టి చూశాను. ఎవరో మహానుభావుడు బల్బు హోల్డరు కదలకుండా గొట్టం మూతిలో ప్లాస్టర్ పోశాడు. ప్లాస్టర్! ఇంకేదైనా పోసి ఉంటే నేనూ చేతులెత్తేసేదాన్ని. ప్లాస్టర్ నాకు పుట్టింటి చుట్టం, పళ్ళ అచ్చులన్నీ పోసేది దాంతోనే. పళ్ళ సెట్లకి వాడే సన్నటి పరికరాలతో, రవ్వ రవ్వగా, ఇనుముకి గీత పడకుండా గీకి తీశాను. ఆ శీతాకాలమంతా వంటగదిలో తెల్లదుమ్మే. ప్లాస్టర్ చెమ్మని పట్టుకుని కూర్చుంటుంది కదా, దాని కింద గొట్టం లోపల తుప్పు ఉంగరంలా పట్టింది. అది చూసి కూర్చుని ఏడ్చాను. తుప్పు చూసి ఏడ్చే ఆడదాన్ని చూసి రొమానా భయపడింది, అసలు భయపడాల్సినవి ఇంకా అప్పటికి మొదలు కాలేదు.

తరవాతి శీతాకాలం తుప్పుకే పోయింది. సీసపు ముద్దకి సన్నటి రాపిడిపొడి పూసి, లోపలి గాడుల్లో ఒక్కో మెలికా తిప్పుతూ, ముందుకీ వెనక్కీ లాగడం. నోట్లో అచ్చు తీసినట్టే దాని గొంతుకీ అచ్చు తీశాను, ఏ గాడి ఎంత అరిగిందో చూసుకోవడానికి. కర్రభాగానికి ఫ్లోరుకి వేసే వార్నిష్ పూశారు, అదంతా ఊడదీసి అవిసెనూనె పట్టించాను, రోజుకొక పొర, అరచేత్తో, వేడి పుట్టేదాకా. నూనె పట్టిస్తుంటే ఒకరోజు మడమ మీద చిన్న చిన్న అక్షరాలు తేలాయి, కత్తి మొనతో ఎవరో చెక్కుకున్న పేరు, సగం అరిగిపోయింది. మిగతా సగం ఊహించుకోలేదు, ఊహించుకోవడం నాకు చేతకాదు, ఉన్నది ఉన్నట్టు చెయ్యడమే నా పని. గొట్టం చివర గురికొన పోయింది. మైనంతో చెక్కి, అచ్చులో పోసి, పంటికి తొడుగు చేసినట్టే చేసి అతికాను. ఇదంతా గుర్తుంది. ప్రతి పొర గుర్తుంది, ప్రతి రవ్వ గుర్తుంది. ఇంత గుర్తున్న మనిషికి ఏమీ కాదు. ఏమీ కాదు కదూ?

రోస్‌విత కూడా అలాగే అనేది. మా అక్క. దానికి చిన్నప్పటి చర్చి పాటలన్నీ చివరిదాకా వచ్చు, నాన్న ఏ ఏడు ఏ ఆవుని అమ్మాడో కూడా చెప్పేది. నిన్నటి సంగతి అడిగితే నవ్వేది. ఆ నవ్వు దాని తెలివి. ఎవరైనా ఏదైనా అడిగితే, అబ్బా, నువ్వూ నీ ప్రశ్నలూ, ముందు కాఫీ తాగు, అని నవ్వేసేది, మనం కాఫీ తాగేసరికి ప్రశ్న మరిచిపోయేవాళ్ళం. మందు పొయ్యకుండా తూటా దట్టించినవాళ్ళకి మా సంఘంలో నిద్రటోపీ వేస్తారు, ఊలుతో అల్లిన పొడుగాటి టోపీ, చివర కుచ్చు. ఆ పూట భోజనాలయ్యేదాకా అది పెట్టుకునే తినాలి. దాన్ని అల్లింది రోస్‌వితే, అది తుపాకి ముట్టుకున్నది లేదు గానీ మా అల్లరికి మాత్రం ఎప్పుడూ ముందుండేది. అందరం ఏదో ఒక రోజు ఆ టోపీ పెట్టుకున్నవాళ్ళమే, నేను కూడా, ఐగ్నర్‌కైతే అది తలకి కొలత తీసి కుట్టినట్టుంటుంది. దేవుడా, మందు లేకుండానే ఉండాలి. టోపీ పెట్టుకుంటాను, పిండిముద్దలు తింటాను, అందరూ బల్లలు చరుస్తారు, అంతటితో అయిపోతుంది. మందు మరిచిపోవడం మనిషన్నవాడు చేసే పనే. రెండుసార్లు నింపడం మాత్రం టోపీతో పోయేది కాదు.

రోస్‌విత సూపులో ఉప్పు రెండుసార్లు వేసింది. అలా మొదలైంది. వాళ్ళింట్లో ఆదివారం భోజనం, అందరం చెంచా నోట్లో పెట్టుకున్నాం, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం, ఎవరూ ఏమీ అనలేదు. నీళ్ళు తాగుతూ తిన్నాం. ఎంత మర్యాదస్తులమో. అదీ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని ఆగింది, మా అందరినీ చూసింది, ఇవాళ సూపు బాగా కుదిరింది కదూ అంది. కుదిరింది అన్నాను నేను. తెలిసే అడిగింది. తెలిసే చెప్పాను. ఆ తరవాత రెండేళ్ళు అది ఒంటరిగా కాపలా కాసుకుంది, తలుపుకి తాళం వేశానా, పొయ్యి ఆపానా, ఎవరికైనా తెలిసిపోయిందా అని. నేను వెళ్ళినప్పుడల్లా ఇల్లు సర్దుకుని కూర్చునేది, పరీక్షకి కూర్చున్న పిల్లలా. అప్పుడే అది నాతో చెప్పి ఉంటే ఆ రెండేళ్ళూ దాని పక్కన కూర్చునేదాన్ని కదా. చెప్పకపోతే మాత్రం కూర్చోకూడదా అని అడిగేవాళ్ళు లేరు, నాకు నేనే అడుక్కుంటూ ఉంటాను. ఇప్పుడది నన్ను చూసి, మీరు భోజనం తెచ్చారా అంటుంది. దాని పళ్ళ సెట్టు నేను చేసిందే, ఇప్పటికీ చిగుళ్ళకి సరిగ్గా కూర్చుంటుంది. నేనెవరో తెలియని నోట్లో నా పళ్ళు.

మొన్నామధ్య నా ఆకురాయి ఫ్రిజ్‌లో దొరికింది, వెన్న పక్కన. నవ్వుకున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు నవ్వుకున్నాను, అక్కడే ఉంది విషయం, ఎవరూ చూడకపోతే మనిషి ఎందుకు నవ్వుతుంది? అది రోస్‌విత నవ్వే. ఇంకోసారి చిన్నప్పటినుంచీ తిరిగిన దారిలో కారు ఆపుకుని కూర్చున్నాను, వంతెన దాటాక ఎటు తిరగాలో అందక. కాసేపటికి అందింది. ఎండ కళ్ళలో పడింది అనుకున్నాను. ఆ రోజు మబ్బు.

ఖాళీ గాజుగొట్టాలు లెక్కపెట్టు, బుర్గీ. ఖాళీ అయినదాన్ని బల్లమీది చిల్లుల చెక్కలో తిరగేసి గుచ్చుతాం, పోటీకొచ్చేవాళ్ళందరూ అలాగే చేస్తారు. కాల్చినవాటి కంటే ఖాళీలు ఒకటి ఎక్కువుంటే సరిగ్గా నింపినట్టు. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. రెండుసార్లు రెండు లెక్కలొచ్చాయి. ఒక గొట్టం చెక్కలో లేదు, బల్లమీద దొర్లి పడి ఉంది, అది ఇందాకటిదా, ఇప్పటిదా, పొద్దున ఒలికిపోయినదా? దూరదర్శినిలో గురిపలక చూసి రంధ్రాలు లెక్కపెడితే? నడిమధ్యన చిరిగిపోయి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. బాగా కాల్చినందుకు ఇదీ ఫలితం. ఇవాళ నేను బాగా కాలుస్తున్నాను, ఈ ఏడాది మొత్తం మీద ఇంత బాగా కాల్చలేదు, ఐగ్నర్ ఇందాకటి నుంచీ నా పలకవైపు దొంగచూపులు చూస్తున్నాడు. కప్పు నాదే అయ్యేలా ఉంది. దీపస్తంభంతో కప్పు కొట్టింది అని ఏడాదంతా చెప్పుకుంటారు.

కేపు తొడిగి కాల్చేస్తే? ఆ ఆలోచన చాలాసేపటినుంచీ పక్కన నిలబడి ఉంది, నేనే దానివైపు చూడలేదు. ప్రభుత్వ పరీక్షశాలలో దీన్ని మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి చూసే ముద్రవేశారు, గొట్టానికి ఏమీ కాలేదు. ఇప్పుడూ కాకపోవచ్చు. కాకపోవచ్చు అంటే అయ్యే వీలూ ఉంది. ముక్క లేచిందంటే నాకు ఎడమచెయ్యి పోతుంది, దానికంటే ముందు పక్కనున్న ఐగ్నర్ మొహంలో దిగుతుంది, నేను చేసిన పళ్ళతో సహా. మందు ఎంత పోశానో తెలియని తుపాకిని మనిషి పక్కన నిలబడి పేల్చాలని ఆలోచించాను. నేను. పళ్ళ సెట్టు మీద ఆకురాయి జారితే ఎవరి నోట్లో గుచ్చుకుంటుందోనని ఊపిరి బిగబట్టి పనిచేసినదాన్ని.

అసలు ఇదంతా ఎందుకు? తేల్చుకోవడానికి క్షణం పట్టదు. కమ్మీని లోపలికి జారవిడిచి, మూతి దగ్గర వేలితో పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కనే ఆనించి చూస్తే లోపల ఎంత ఎత్తు నిండిందో తెలిసిపోతుంది. సరిగ్గా నింపితే కమ్మీ చివర కేపు తొడిగే మొనకి మూడు వేళ్ళ పైన ఆగుతుంది. మందు లేకపోతే ఇంకా కిందికి వస్తుంది. రెండు మోతాదులుంటే ఆరు వేళ్ళు. ఎవరైనా చేసే పని, ఎవరూ తలెత్తి కూడా చూడరు. చేతిలో కమ్మీ పెట్టుకుని ఇంతసేపూ నేను చేయనిది, తేలిపోతుందనే. రైఫిలు లోపల ఏముందో కాదు నా భయం. చెయ్యి బుర్గీ. పొగ కాస్త పలచబడింది, ఐగ్నర్ కాల్చాడు, హార్ట్‌విగ్ అటువైపు చివర్న ఎవరితోనో మాట్లాడుతున్నాడు, టైము పోతోంది.

జారవిడిచాను. ఇనుము తూటా ముక్కుని తాకిన చప్పుడు చేతికి తెలిసింది. వేలితో పట్టుకున్నాను, పైకి లాగాను, గొట్టం పక్కన ఆనించాను. కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాను. మూడు వేళ్ళు. ఇంకోసారి చేశాను. మూడు వేళ్ళు. ఒక మోతాదు మందు, ఒక తూటా, ఎంత గట్టిగా దట్టించాలో అంత గట్టిగా. వంక పెట్టడానికి లేదు.

సంతోషపడాలి. కమ్మీని బల్లమీద పెట్టేశాను. మందు లేకపోతే బాగుండేది, మరిచిపోయాను అనుకునేదాన్ని. రెండు మోతాదులున్నా హడలిపోయి, బయటికి తీయించి, ఐగ్నర్‌ని తిట్టిపోసేదాన్ని. ఏ తప్పూ లేదు. గాజుగొట్టం ఎత్తింది, వంచింది, తూటాకి జిడ్డు రాసింది, నిలువుగా పెట్టింది, దట్టించింది, అన్నీ నా చేతులే. ఆ సేపంతా నేను ఎక్కడున్నాను? నిద్రపోలేదు, పడిపోలేదు, బహుశా ఐగ్నర్‌తో మైనం గురించి మాట్లాడుతూ నవ్వాను కూడా. ఇంకొన్నాళ్ళకి ఈ చేతులే పొయ్యి వెలిగిస్తాయి, ఈ చేతులే స్టీరింగు తిప్పుతాయి. భయంగా ఉంది. నాకు చాలా భయంగా ఉంది, ఆ మాట ఇప్పటిదాకా నాతో నేనైనా అనుకోలేదు.

కేపు తీశాను. వేళ్ళ మధ్య రాగి చల్లగా ఉంది. తొడగడమే తరవాయి. తుపాకి సరిగ్గా ఉంది, నియమం ప్రకారం అనుమానం తీరిపోయింది, ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేదు. మిగిలినవి కాల్చుకుంటే కప్పు చేతికొస్తుంది. సాయంత్రం కారు నేనే నడుపుకుంటూ ఇంటికెళతాను, వేణ్ణీళ్ళతో గొట్టం కడుగుతాను, నూనె రాస్తాను. రొమానా ఫోను చేస్తే గెలిచానని చెబుతాను. వచ్చే ఆదివారం అందరూ మా ఇంటికి భోజనానికొస్తారు. నేను సూపు చేస్తాను. వాళ్ళు చెంచా నోట్లో పెట్టుకుంటారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు.

కేపుని డబ్బాలో వేసేశాను. రైఫిలు మూతిని పలకలవైపు తిప్పి బల్లమీద పడుకోబెట్టాను. చెయ్యెత్తాను. ఎత్తడం తేలికే, ఎత్తి ఉంచడమే కష్టంగా ఉంది.

హార్ట్‌విగ్ పరుగులాంటి నడకతో వచ్చాడు. పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాడు.

“ఏంటత్తయ్యా, మందు మర్చిపోయారా? టోపీ దులిపించమంటారా?”

“మందుంది. తూటా ఉంది. కమ్మీ పెట్టి చూశా, సరిగ్గా ఉంది.”

“మరి చెయ్యెందుకెత్తారు?”

“నేను నింపినట్టు నాకు గుర్తులేదురా.”

“ఓస్, అంతేనా. ఈ ఐగ్నర్ పక్కనుంటే నా పేరు నాకే గుర్తుండదు.”

“నేనేం చేశాను?” అన్నాడు ఐగ్నర్ అటుపక్కనుంచి. “మైనం ఎంత వెయ్యాలని అడిగాను, అంతేగా.”

“అతని తప్పేం లేదు,” అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది, చెవులకి చప్పుడు ఆపే డొప్పలు పెట్టుకున్నవాళ్ళం కదా, అందరం అరుచుకునే మాట్లాడుకుంటాం. “ఇవాళొక్కటే కాదు. మొన్న వంతెన దగ్గర దారి తెలియక ఆగిపోయాను. ఇంకా ఉన్నాయి. మీకెవరికీ చెప్పలేదు.”

హార్ట్‌విగ్ నవ్వు ఆగింది. చెవి మీది డొప్ప ఒకటి పక్కకి తోసుకున్నాడు, వినపడలేదని కాదు, ఏం చెయ్యాలో తెలియక. దవడ బిగుసుకుంది. కొరకకురా, అడ్డుపలక ఇంట్లో ఉంది, అనబోయి ఊరుకున్నాను.

“రొమానాకి తెలుసా?”

“ఇప్పుడు నీకు తెలిసింది. దానికి నేనే చెబుతాను, నువ్వు తొందరపడకు. రేపు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. కారు తాళాలు కూడా ఇస్తాను. ఇవాళ నువ్వే నడుపు.”

వాడు నా భుజం మీద చెయ్యి వేయబోయి, పర్యవేక్షకుణ్ణని గుర్తొచ్చిందేమో, వెనక్కి తీసుకున్నాడు. తరవాత పర్యవేక్షకుణ్ణన్న సంగతి మరిచిపోయి వేసేశాడు.

“ఇక్కడితో ఆపేద్దామా అత్తయ్యా?”

“లోపల తూటా పెట్టుకుని ఎలా ఆపుతాంరా?”

ఐగ్నర్ కిసుక్కున నవ్వి, మళ్ళీ నోరు మూసుకున్నాడు. హార్ట్‌విగ్ గురిపలకవైపు చూశాడు. ఎన్ని తగిలాయో, ఎక్కడ తగిలాయో వాడికీ కనిపించే ఉంటుంది.

“నేను పక్కన నిలబడి చూస్తాను, నింపేటప్పుడు. కానీ సాయం ఉన్నట్టు రాస్తే మీ స్కోరు లెక్కలోకి రాదు. బాగా కాలుస్తున్నారు ఇవాళ.”

“రాసెయ్యి.”

అటు చివర ఉన్న ఇంకో పర్యవేక్షకుడికి సైగ చేసి తన వరస అప్పజెప్పి వచ్చాడు. నేను రైఫిలు ఎత్తుకున్నాను, కేపు తొడిగాను, తుపాకి గుర్రాన్ని వెనక్కి లాగి, గురిచూసి మీట నొక్కాను. పేలింది. ఎప్పటిలాగే పొగ అంతా కమ్మేసింది, తూటా ఎక్కడ తగిలిందో కనిపించలేదు. చూడాలని కూడా అనిపించలేదు. మడమ నేలమీద ఆనించి, తడిగుడ్డ తిప్పి, పొడిగుడ్డ తిప్పి, గాజుగొట్టం చేతిలోకి తీసుకున్నాను. బిరడా తీశాను. నల్లటి రవ్వలు సన్నగా చప్పుడు చేస్తూ లోపలికి జారిపోయాయి, ఒకటి కూడా బయట పడలేదు. ఖాళీ గొట్టాన్ని తిరగేసి పట్టుకుని వాడివైపు తిరిగాను. ఐగ్నర్ వింటున్నాడు, అవతలివాళ్ళు వింటున్నారు, విననీ.

“మందు పోశాను, హార్ట్‌విగ్.”

“పోశారత్తయ్యా. నేను చూశాను.”